గాజుల దుకాణం పైగది

రాజీనామా కాగితం మీద సంతకం పెట్టిన రోజును తలచుకుంటే నాకు ముందుగా గుర్తుకొచ్చేది ఆ గదిలోని ఏసీ చప్పుడు. ఎదురుగా మేనేజరు, ఆయన పక్కన హెచ్ఆర్ నుంచి వచ్చిన ఒక అమ్మాయి కూర్చున్నారు. ఇద్దరూ చాలాసేపు మర్యాదగానే మాట్లాడారు. ఏసీ లోపల ఏదో వదులైనట్టుంది, మూడు సెకన్లకోసారి టక్కుమంటోంది అనుకుంటూ నేను కూర్చున్నాను. చివరికి ఆ అమ్మాయి, "మీకేమైనా చెప్పాలని ఉందా మేడం?" అని అడిగింది.

"ఏసీ రిపేరుకొచ్చింది" అన్నాను.

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నేను సంతకం పెట్టి బయటికి వచ్చాను.

అప్పటికి నాకు నలభై ఒకటి. పటాన్‌చెరు దాటాక ఉన్న ఒక మందుల ఫ్యాక్టరీలో పద్నాలుగేళ్లు పనిచేశాను. నా పని రికార్డు గదిలో. ఒక్కో విడత మందు ఎలా తయారైందో, ఎవరు ఏది ఎంత కలిపారో, ఎన్నింటికి ఎంత వేడి చేశారో రాసిన కాగితాలు కట్టలు కట్టలుగా నా దగ్గరికి వచ్చేవి. పేజీ పేజీ చదివి తేడా ఉంటే పట్టుకోవాలి. కిటికీ లేని గది, ఇనుప బీరువాలు, ఒక టేబుల్. అక్కడ గంటసేపు కూర్చోవడం కూడా కష్టమనేవాళ్లు అందరూ. నాకు మాత్రం అందులో పొద్దు తెలిసేది కాదు. మధ్యలో పెన్ను మారినా, రాసే చెయ్యి మారినా దానంతటదే నా కంటికి ఆనేది.

కంప్యూటర్లు వచ్చాక ఆ గది మూతపడింది. నన్ను పై అంతస్తులోని పెద్ద హాల్లో కూర్చోబెట్టారు. "ఇగ నుంచి నువ్వు కోఆర్డినేటర్‌వి. మంచి ప్రమోషన్ గదా!" అన్నాడు మేనేజరు. డెబ్భై మంది ఉన్న హాలు. నా టేబుల్ మీద రెండు ఫోన్లు. వెనక సీటాయన లారీల వాళ్లతో హిందీలో గట్టిగా మాట్లాడేవాడు. పక్కామె కుర్చీ కదిలినప్పుడల్లా కిర్రుమనేది. ఎవరో టిఫిన్ డబ్బా మూత తీసేవాళ్లు. ఇవన్నీ అందరికీ వినిపించేవే. కానీ వాళ్లకు అవి ఎక్కడో దూరంగా ఉండేవి. నాకు అన్నీ ఒకే దూరంలో, చెవి పక్కనే ఉండేవి. ఫోన్‌లో అవతలివాళ్లు చెప్పింది సగం అర్థమయ్యేది కాదు. మధ్యాహ్నానికి బాత్రూంలోకి వెళ్లి గడియ పెట్టుకుని చెవులు మూసుకుని నిలబడేదాన్ని. పది నిమిషాలు, ఒక్కోరోజు అరగంట.

ఒకసారి మీటింగులో మేనేజరు ఒక కొత్త పద్ధతి వివరించి, "ఇంకెవరికన్న ఏమన్న చెప్పేదుందా?" అని అడిగాడు. లేచిపోయే ముందు ఊరికే అనే మాట అది. నాకు ఆ సంగతి తెలియదు. ఉంది అన్నాను. ఆ పద్ధతిలో నాకు కనిపించిన తప్పులు పదకొండు, ఒక్కొక్కటే చెప్పాను. ఎవరూ తలెత్తలేదు. ఆయన నవ్వుతూనే విన్నాడు కాబట్టి సంతోషించాడనుకున్నాను. ఆ తర్వాత మూడు నెలలకే నన్ను ఆ ఏసీ గదికి పిలిచారు.

అమ్మ ఉండి ఉంటే ఇంటికి వెళ్లి చెప్పేదాన్ని. అమ్మ పోయి అప్పటికి పదకొండు నెలలు. కిష్టారెడ్డిపేటలో మా ఇద్దరిదీ రెండు గదుల కిరాయి ఫ్లాటు. పెళ్లయిన రెండేళ్లకే నేను తిరిగి వచ్చేశాను. ఆయన చెడ్డవాడేమీ కాదు. "గోడతోని కాపురం చేసినట్టున్నది అత్తమ్మా" అని మా అమ్మతో చెప్పి, నన్ను దిగబెట్టి వెళ్లిపోయాడు. అమ్మ నన్ను ఒక్క మాట కూడా అడగలేదు. అప్పటినుంచి బయటివాళ్లతో మాట్లాడే పనంతా తనే చూసుకుంది. వాచ్‌మన్‌తో, గ్యాస్ బండ తెచ్చేవాడితో, చుట్టాలతో. పెళ్లిళ్లలో నేను ఒక మూలకు వెళ్లి కూర్చుంటే, "దానికి తల నొస్తున్నదట" అని అడగనివాళ్లకు కూడా చెప్పేది. నాకు కొత్త కుర్తా కొంటే మెడ దగ్గర కుట్టిన లేబుల్‌ను కత్తిరించి మరీ చేతికిచ్చేది. ఇవేవీ మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకున్నవి కావు. ఆమె పోయాక తెలిసింది నాకు, ఇన్నేళ్లూ నాకూ బయటికీ మధ్య ఒక మనిషి నిలబడి ఉందని.

ఉద్యోగం పోయిన మర్నాడు కూడా ఏడింటికల్లా తయారై, చౌరస్తాలో కంపెనీ బస్సు ఆగే చోటికి వెళ్లి నిలబడ్డాను. అలవాటు కొద్దీ వెళ్లానని చెప్పొచ్చు గానీ అది నిజం కాదు. ఆ టైముకు ఇంట్లో ఎలా ఉండాలో నాకు తెలియలేదు. బస్సు వచ్చి ఆగింది. డ్రైవరుకు విషయం తెలియదు. నేను చెయ్యి ఊపి వెళ్లమన్నాను. మూడు రోజులు అలాగే ఆపాడు. నాలుగో రోజు కొంచెం నెమ్మదించాడు. తర్వాతి వారం నా వైపు చూడకుండానే వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి నేనూ వెళ్లడం మానేశాను.

ఆ తర్వాత ఇంట్లో రోజులు ఎలా గడిచాయో సరిగ్గా చెప్పలేను. బియ్యం కడిగేదాన్ని, వండేదాన్ని, తినేదాన్ని. మనుషులతో మాట్లాడితే అలసిపోతాను కాబట్టి ఒంటరితనం నాకు బాధ కాదని చాలామంది అనుకుంటారు. నేనూ అలాగే అనుకునేదాన్ని. ఒకరోజు పొద్దున పాల ప్యాకెట్ కోసం కిందికి వెళ్లి అడగబోతే గొంతు పెగల్లేదు. గాలి వచ్చింది గానీ మాట రాలేదు. ఎన్ని రోజులైందని లెక్కపెట్టుకుంటే ఆరు రోజులు. ఆరు రోజులుగా నేను ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడలేదు. పాల ప్యాకెట్ వైపు వేలు చూపించి తీసుకుని పైకి వచ్చి, వంటింట్లో నిలబడి పైకి వినిపించేలా "పాలు, పాలు" అని అనుకున్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. అప్పుడు భయం వేసింది.

మా అక్క జహీరాబాద్‌లో ఉంటుంది. ఆమెకు ఫోన్ చేశాను. "ఇంట్ల గట్ల కూసుంటే పిచ్చి లేస్తదే. నలుగుర్ల పడు" అని, బావకు తెలిసినవాళ్ల ద్వారా పటాన్‌చెరులో ఒక లేడీ డాక్టర్ క్లినిక్‌లో రిసెప్షన్ పని చూసింది. పేర్లు రాసుకోవాలి, వరసలో లోపలికి పంపాలి. చూడ్డానికి తేలికైన పనే.

అక్కడ తొమ్మిది రోజులు పనిచేశాను. తొమ్మిదో రోజు ఒక పెద్దాయన భార్యను తీసుకొచ్చాడు. ఆమెను లోపలికి తీసుకెళ్లారు. ఆయన కండువా చేతిలో నలుపుకుంటూ నా టేబుల్ దగ్గరికి వచ్చి, "ఏం గాదు గదా బిడ్డా?" అని అడిగాడు.

"నాకు తెల్వది. అయితే అయితది, గాకపోతే గాదు" అన్నాను.

ఆయన నన్ను ఒక్క క్షణం చూశాడు. తర్వాత అక్కడే, కుర్చీ కూడా చూసుకోకుండా నేల మీద కూలబడి ఏడవడం మొదలుపెట్టాడు. చుట్టూ ఉన్నవాళ్లు లేచి నా మీద అరిచారు. నేను చేసిన తప్పేమిటో నాకు అర్థం కాలేదు. ఆయన అడిగాడు, నాకు తెలియదు, తెలియదన్నాను. సాయంత్రం ఆటోలో వస్తుంటే ఇక్రిశాట్ గోడ పక్కన ఎక్కడో తట్టింది. ఆయన నన్ను ప్రశ్న అడగలేదు. ఒక చెయ్యి అడిగాడు పట్టుకోవడానికి. ఆ అర్థం ఇంత ఆలస్యంగా వచ్చిందేమిటని ఆటోలోనే ఏడ్చాను. డ్రైవరు అద్దంలో చూసి రేడియో ఆపేశాడు.

మర్నాడు డాక్టరమ్మ నన్ను లోపలికి పిలిచి కూర్చోబెట్టింది. "నువ్వు మంచిదానివే. నాకు తెలుసు. కానీ ఈ కుర్చీ నీది గాదు" అంది. ఒక కాగితం మీద నంబరు రాసిచ్చింది. "సంగారెడ్డిల ఒక మేడం ఉన్నరు. ఉద్యోగం పోయినోళ్లకు, పని మారాలనుకునేటోళ్లకు దారి చూపిస్తది. మా చెల్లె విడాకులైనంక ఆమె దగ్గరికే పోయింది. ఒకసారి పోయి మాట్లాడు."

ఆ కాగితాన్ని నాలుగు రోజులు ఫ్రిజ్ మీద పెట్టి చూశాను. ఫోన్ చేయలేక మెసేజ్ పెట్టాను. "గురువారం పదకొండుకు రండి" అని జవాబు వచ్చింది.

సంగారెడ్డి పాత బస్టాండు దగ్గరి సందులో ఒక గాజుల దుకాణం. దాని పక్క నుంచి ఇరుకు మెట్లు. పైన ఒక గది, ఒక టేబుల్, రెండు కుర్చీలు. దుకాణం ఆమె తమ్ముడిది. ఆమెకు యాభై ఏడెనిమిదేళ్లుంటాయి. ముస్లిం ఆమె, నెరిసిన జుట్టు మీద తెల్లటి దుపట్టా. ఫ్యాక్టరీల్లో ఇరవై ఏళ్లకు పైగా హెచ్ఆర్‌లో చేసి మానేసి ఈ పని పెట్టుకుందట.

"కుడి దిక్కు కూసోండమ్మా. ఎడమ చెవు నాకు పనిచెయ్యది" అంది.

కూర్చున్నాను. మీకేం పనంటే ఇష్టం, ఏ రంగంలోకి వెళ్లాలనుంది అని అడిగింది. నేను గోడ మీది క్యాలెండరు చూస్తూ ఉండిపోయాను. ఫ్యాను కీచుమంటోంది. ఆమె లేచి ఫ్యాను ఆపేసింది. ఏప్రిల్ నెల. ఇద్దరికీ చెమటలు పడుతున్నాయి.

"సరే, ఆ సవాల్ అడగను" అంది. "నన్ను సూడాలని గూడ లేదు. క్యాలెండర్‌ను సూస్కుంట చెప్పు, నేను వింట. ఏ పని చేస్తే నీకు బాగ అలసటైతది? ఏది చేస్తే గాదు?"

అలా ఎవరూ నన్ను ఎప్పుడూ అడగలేదు. రెండు వారాలు గంటగంటకూ ఏం చేశానో, ఒంట్లో ఎలా ఉందో రాసుకుని తెమ్మంది. ఆమె ఉద్దేశం ఒకటి రెండు పేజీలు. నేను డెబ్భై రెండు పేజీలు రాసుకెళ్లాను. ఆమె మొత్తం నా ముందే కూర్చుని చదివింది. గంటన్నర పట్టింది. ఎంతమంది చేతిరాతో అక్షరం అక్షరం చదివినదాన్ని, నేను రాసింది ఒకరు చదువుతుంటే చూడటం అదే మొదలు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మధ్యలో ఒకచోట ఆగి వేలు పెట్టింది. "'కరెంటు పోయి ఫ్రిజ్ ఆగిపోయింది, హాయిగా ఏడుపొచ్చింది' అని రాసినవ్. గిట్ల అందరికి గాదు, తెలుసా అమ్మా?"

"గాదా?" అన్నాను.

నేను నిజంగానే అడిగాను. అందరూ ఈ చప్పుళ్లన్నీ ఇలాగే ఓర్చుకుంటున్నారని, నాకు మాత్రమే ఓర్పు తక్కువని నలభై ఏళ్లు నమ్మాను.

ఆమె ఒక డాక్టరు దగ్గరికి వెళ్లమంది. హైదరాబాద్‌లో పెద్దాసుపత్రి. రెండు రోజులు, పూటపూటా ప్రశ్నలు. చిన్నప్పుడు ఎలా ఆడుకునేదాన్నో చెప్పడానికి ఇంట్లోవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడిగారు. అమ్మ లేదు. అక్కకు ఫోన్ చేస్తే, "అది ఆడుకోలేదు సార్, చింతగింజలు వరుసగ పెట్టుకుంట కూసుండేది" అని చెప్పింది. చివరి రోజు డాక్టరు, మీది ఆటిజం అన్నాడు. జబ్బు కాదు, మందులు లేవు, పుట్టుకతోనే మీ మెదడు తీరు అది, మీకు ఆలస్యంగా తెలిసింది అంతే, అన్నాడు. ఒక కాగితం ఇచ్చాడు.

తిరుగు బస్సులో ఆ కాగితాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. బాధ లేదు, సంతోషం కూడా లేదు. ఎవరికైనా చెప్పాలనిపించింది. ఫోన్ తీసి పేర్లన్నీ పైనుంచి కిందిదాకా చూశాను. ప్లంబరు, పాలాయన, పాత ఆఫీసు, బ్యాంకు, అక్క. 'అమ్మ' అని ఉన్న నంబరు అప్పటికింకా తీసేయలేదు. అమ్మకు ఆ మాట తెలియదు గానీ ఆ మాటలో ఉన్నదంతా తెలుసు. ఆ నంబరు మీద వేలు కాసేపు ఉంచి, నొక్కకుండానే వెనక్కి తీసుకున్నాను.

రాత్రి అక్కకు చెప్పాను. "గీ వయసుల గదేందే ఇప్పుడు? ఎవ్వలకు చెప్పకు. నా బిడ్డ పెండ్లి చేసేదున్నది" అంది. కోపంతో అనలేదు, భయంతో అంది. ఆ తేడా ఆ రోజు నాకు వెంటనే తెలిసింది. తెలిసినా ఉపయోగం లేకపోయింది.

మేడం మాత్రం ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి మడతపెట్టి నాకిచ్చింది. "ఫైల్ల పెట్టుకో. ఎవరికి చూపియ్యాల్నో, ఎవరికి వద్దో సోచాయించి చేద్దాం. జల్దీ లేదు" అంది. నేను రాసుకెళ్లిన పేజీల నుంచి ఇద్దరం కలిసి నాకు కావలసినవి తీశాం. పని ఏదైనా సరే, రాసి ఇవ్వాలి. ఒక్కసారి ఒక్కరే మాట్లాడాలి. ఫోన్ ఉండకూడదు. గదిలో ఎక్కువ మంది ఉండకూడదు. తప్పు పట్టే పనైతే మంచిది. ఇస్నాపూర్ నుంచి ముత్తంగి దాకా ఎక్కడెక్కడ అలాంటి పని దొరకొచ్చో ఆమె తనకు తెలిసినవాళ్లందరినీ అడిగింది.

మొదటి ఇంటర్వ్యూ ముత్తంగి దగ్గర రింగు రోడ్డు పక్కన ఒక గోదాములో. తొందరపడి నేనే చెడగొట్టుకున్నాను. కూర్చోగానే కాగితం తీసి టేబుల్ మీద పెట్టి మొత్తం చెప్పేశాను. ఆయన కాగితం వైపు చూడకుండా మంచినీళ్లు తెప్పించాడు. "ఇంటికాడ ఎవలన్న ఉన్నరా మేడం తోడు?" అని నెమ్మదిగా, చిన్నపిల్లను అడిగినట్టు అడిగాడు. "మేం కాల్ చేస్తం" అన్నాడు. మూడు వారాలు ఫోన్ పక్కనే పెట్టుకుని కూర్చున్నాను. స్నానానికి వెళ్లినా తలుపు తీసే ఉంచాను.

ఆ సంగతి చెప్తే మేడం తల కిందికి దించుకుంది. "కాల్ చేస్తమంటే లేదన్నట్టు అమ్మా."

"మరి లేదని ఎందుకు చెప్పరు?"

కింద దుకాణంలో ఎవరో పెళ్లికి గాజులు బేరమాడుతున్నారు.

"నేను గూడ గట్లనే అనేదాన్ని" అంది చివరికి. "ఎంతమందికి అన్ననో. మా కంపెనీల స్టోర్‌ల ఒకాయన ఉండె. నట్లు, బోల్టులు, వాషర్లు. వేల రకాలు. కంప్యూటర్ల సూడకుండ ఏ అరల ఏదున్నదో చెప్పేటోడు. కానీ సార్ వస్తే లేసి నిలబడడు. నమస్తే పెట్టడు. మొఖం సూడడు. అందరు షికాయత్. పొగరు అన్నరు. నేను పిలిచి అడిగిన. 'ఎందుకు నమస్తే పెట్టవ్' అంటే, 'పొద్దుగాల పెట్టిన గదా' అన్నడు. నిజమే, పొద్దుగాల పెట్టిండు. నాకు నవ్వొచ్చింది గూడ. అయినా పనిల నుంచి తీసేసే లెటర్ నేనే టైప్ చేసిన. ఆయన గేట్ దాటి పోతుంటే కిటికీల నుంచి సూసిన. బ్యాగు ఒక భుజం మీద నుంచి ఇంకో భుజం మీదికి మార్చుకున్నడు, అంతే. ఆయన ఏమైండో నాకిప్పటికి తెల్వది. ఊరు గూడ మారిండట."

"మీకప్పుడు తెల్వది" అన్నాను.

"తెలుసుకునే పనే నాది అమ్మా. జీతం దానికే ఇచ్చిన్రు."

ఆమెను ఓదార్చాలని తెలుసు. ఎలాగో తెలియలేదు. కింద టీ కొట్టు నుంచి రెండు చాయ్‌లు తెచ్చాను. ఒకటి ఆమె ముందు పెట్టాను. ఆమె కళ్లు తుడుచుకుని, "షుక్రియా" అని తాగింది.

రెండో ఇంటర్వ్యూకు ముందు మూడు వాక్యాలు నాతో రాయించింది. వాటిని కిటికీ వైపు తిరిగి, క్యాలెండరు వైపు తిరిగి, ఆమె వైపు తిరిగి ఎన్నిసార్లు చెప్పించిందో లెక్కలేదు. 'నేను మనిషి ముఖం చూడకుండా మాట్లాడతాను, అది అమర్యాద కాదు. పని రాసిస్తే తప్పు లేకుండా చేస్తాను. చప్పుడు ఎక్కువైతే చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుంటాను.' అంతే. ఆటిజం అన్న మాట అడిగితేనే చెప్పాలి.

అదీ ముత్తంగి దగ్గరే. మందుల షాపుల నుంచి తిరిగి వచ్చే సరుకు చేరే గోదాము. గడువు దాటినవి, అమ్ముడుపోనివి, డబ్బాలు నలిగినవి. వాటి బ్యాచ్ నంబరు, గడువు తేదీ చదివి వేరు చేయాలి. అక్కడి ఇన్‌చార్జి బొంతపల్లి వైపు రైతు కుటుంబం నుంచి వచ్చినాయన, నా వయసే ఉంటుంది. నేను ఆయన చొక్కా జేబు వైపు చూస్తూ మూడు వాక్యాలూ చెప్పాను. ఆయన తల గోక్కున్నాడు.

"రాసిస్తే అయిపాయె. దానికేముంది?" అన్నాడు. "సోమవారం రాండ్రి."

బయటికి వచ్చి గోదాము గేటు పక్కన నిలబడ్డాను. లారీలు రింగు రోడ్డెక్కుతున్నాయి. పని దొరికిన సంతోషం కంటే ముందు ఏదో మింగుడుపడని బాధ వచ్చింది. ఇంతేనా అనిపించింది. ఒక కాగితం మీద నాలుగు ముక్కలు రాసివ్వడం ఇంత తేలికైతే, ఇన్నేళ్లూ నేను బాత్రూంలలో ఎందుకు నిలబడ్డాను?

ఉద్యోగంలో చేరి ఇప్పుడు రెండేళ్లు దాటింది. మూలన ఒక టేబుల్, ట్యూబ్‌లైటు, నేను. పని నాకు వచ్చు. తప్పులు దొరుకుతాయి. తిరిగొచ్చే మాత్రల పట్టీల్లో ఒక్కోసారి నాలుగు మాత్రలు వాడి వదిలేసినవి కూడా ఉంటాయి. వాటి వెనక రేకు మీద పెన్నుతో 'పొద్దున', 'రాత్రి' అని రాసి ఉంటుంది. ఒకదాని మీద 'తిన్న తర్వాత, మరిచిపోకు' అని ఉంది. ఆ చేతిరాత వణికింది. ఎవరు ఎవరి కోసం రాశారో, మిగిలినవి ఎందుకు తిరిగొచ్చాయో తెలుసుకునే దారి లేదు. వాటిని గడువు దాటిన డబ్బాలో వెయ్యడానికి నాకు మామూలు కంటే కొంచెం ఎక్కువసేపు పడుతుంది.

పని కుదిరాక కూడా నెలకో ఆదివారం సంగారెడ్డి వెళ్లేదాన్ని. ఇక సలహాలేమీ అక్కర్లేదు. ఊరికే వెళ్లేదాన్ని. ఒకసారి మేడం, "పని కుదిరింది. మరి మనుషులు?" అని అడిగింది. దానికేమైనా పద్ధతి ఉందా అన్నాను. ఆమె నవ్వింది. "ఉంటే ముందు నేనే నేర్చుకుంటుండె" అంది. ఆమె భర్త పోయి చాలా ఏళ్లయింది. కూతురు బీదర్‌లో ఉంటుంది.

మొన్నటి వానాకాలం నుంచి ఆమె కుడి చెవి కూడా తగ్గడం మొదలైంది. మొదట రెండుసార్లు చెప్పాల్సొచ్చేది. తర్వాత గట్టిగా చెప్పాల్సొచ్చింది. గట్టిగా మాట్లాడటం నాకు చేతకాదు. చెవి మిషను పెట్టుకుంటే అన్నీ గరగరమంటున్నాయని తీసేసింది. కొత్తవాళ్లు రావడం తగ్గిపోయింది. ఒక ఆదివారం నేను వెళ్లేసరికి టేబుల్ మీద గాజుల డబ్బాల అట్టముక్కలు, ఒక పెన్ను పెట్టుకుని ఉంది. 'ఇగ గిట్లనే మాట్లాడుకుందాం' అని ఒక అట్ట మీద రాసి చూపించింది.

ఆ రోజు మేం మూడు గంటలు రాసుకున్నాం. నా జీవితంలో ఒక మనిషితో అంత హాయిగా మాట్లాడింది ఎప్పుడూ లేదు. ముఖం చూడక్కర్లేదు. జవాబుకు తొందర లేదు. అన్న మాట కళ్లెదుట నిలిచి ఉంటుంది, అర్థమయ్యేదాకా చూడొచ్చు. ఆ ఆనందంలో, 'ఇలాగే చాలా బాగుంది మేడం' అని రాసి ఆమె వైపు తోశాను.

ఆమె చదివి, ఆ అట్టముక్కను వెనక్కి తిప్పింది. తర్వాత రాసింది: 'నీకు నిశ్శబ్దం కావాలె. నాకు వద్దు అమ్మా. తమ్ముని పిల్లలు మెట్లు ఎక్కొస్తే గూడ తెలుస్తలేదు. భయమైతున్నది.'

క్లినిక్‌లో ఆ పెద్దాయన దగ్గర చేసిన తప్పే మళ్లీ చేశాను. కానీ ఈసారి ఆలస్యం కాలేదు, ఆమె ఇంకా నా ఎదుటే ఉంది. కిటికీ పూర్తిగా తెరిచాను. నేను రోజూ తప్పించుకు తిరిగే చప్పుళ్లన్నిటినీ లోపలికి రానిచ్చి, కొత్త అట్టముక్క తీసుకుని రాయడం మొదలుపెట్టాను. కింద ఒకామె డజను గాజులు ఎక్కించుకుంటోంది, ఒకటి పగిలింది, మీ తమ్ముడు 'అరెరె' అన్నాడు. బస్టాండులో జోగిపేట, జోగిపేట అని పిలుస్తున్నారు. ఎవరిదో కుక్కర్ మూడో కూత. మసీదులో మైకు సరిచేస్తున్నారు. పక్క డాబా మీద తడి దుప్పటి దులుపుతున్నారు. మెట్ల దగ్గర పిల్ల ఒకతి తనలో తను లెక్కలు చదువుకుంటోంది, ఏడో ఎక్కం, తప్పు చెబుతోంది. నా చెవులకు నొప్పిగానే ఉంది. రాస్తూనే ఉన్నాను. ఆమె నా చెయ్యి కదులుతున్నకొద్దీ చదువుతూ, ఏడో ఎక్కం దగ్గర నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

ఆ తర్వాత రెండు నెలలకు కూతురు వచ్చి ఆమెను బీదర్ తీసుకెళ్లింది. ఆ గదిని ఇప్పుడు ఒక టైలరుకు కిరాయికిచ్చారు. మేడం వారానికి ఒకటి రెండు మెసేజ్‌లు పెడుతుంది. కొన్నిసార్లు జవాబుకు నాలుగు రోజులు పడుతుంది. ఆమెకు అక్కడ ఎలా ఉందని అడిగితే, 'బాగనే చూస్తున్నరు' అని రాస్తుంది. మిగతాది రాయదు. ఆదివారాలు నాకు మళ్లీ పొడుగ్గా అయ్యాయి. ఒకసారి బీదర్ బస్సెక్కుదామని పటాన్‌చెరు దాకా వెళ్లి, ఆ జనాన్ని చూసి తిరిగొచ్చాను. మళ్లీ ప్రయత్నిస్తాను.

గోదాములో ఈమధ్య ప్యాకింగ్‌లోకి రుద్రారం నుంచి ఒకామె చేరింది. మధ్యాహ్నం అన్నం డబ్బా పట్టుకుని నా టేబుల్ దగ్గరికి వచ్చి కూర్చుంది. పిల్లల గురించి, ఆడబిడ్డ గురించి ఆపకుండా మాట్లాడింది. మూడో రోజు నేను ధైర్యం చేసి చెప్పాను. "నాకు తినేటప్పుడు మాటలు వింటే పరేషాన్ అయితది. నీ మీద కోపం గాదు."

"ఔనా? ముందుగాల చెప్పొద్దా మరి!" అని ఆమె లేచి వేరే టేబుల్‌కు వెళ్లిపోయింది. తప్పు చేశాననుకున్నాను. మర్నాడు మళ్లీ వచ్చింది. పది నిమిషాలు మాట్లాడకుండా తింది. తర్వాత ఉండబట్టలేక, "నాతోని గాదక్కా" అని నవ్వుతూ డబ్బా తీసుకుని పోయింది. అప్పటినుంచి కొన్ని రోజులు వస్తుంది, కొన్ని రోజులు రాదు. ఆమె వచ్చిన రోజు నేను నా డబ్బాను కొంచెం పక్కకు జరిపి చోటిస్తాను.